మన ఊరి సినిమాహాలు: ఎంచుకొనుటకు ఒక కొలత

ఊరిలో నాలుగు హాళ్లుండి, ఒకే చిత్రము రెండింటిలో ఆడుచున్నప్పుడు, దేనికి పోవలెనను ప్రశ్న మన ఇండ్లలో తరచుగా వచ్చుచుండును. ఒకరు ఫలానా హాలులో తెర పెద్దదందురు. మరియొకరు మరియొకచోట మాట స్పష్టముగా వినబడునందురు. ఇంటి పెద్దలు మాత్రము కుర్చీలు బాగున్నవా, పిల్లలతో పోయివచ్చుటకు వీలగునా అని విచారింతురు. బొమ్మ, ధ్వని, సౌకర్యము అను ఈ మూడును మన హాళ్లలోనికి ఒక్కసారిగా రాలేదు. ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి. వచ్చినప్పుడెల్ల హాలులోని కొందరికి ముందుగను, కొందరికి ఆలస్యముగను అందినవి. ఆ చరిత్రను ఒకమారు నెమరువేసికొన్నచో, ఏ హాలు మంచిదో తేల్చుటకు మనకొక కొలత దొరకగలదు.

మన దేశమున కదలుబొమ్మల ప్రదర్శనము 1896 జూలై 7వ తేదీన బొంబాయిలోని వాట్సన్ హోటలులో మొదలైనది. తెలుగువారిలో ఈ వింతను వృత్తిగా చేపట్టిన వారిలో అగ్రగణ్యులు రఘుపతి వెంకయ్యగారు. మచిలీపట్టణమున జన్మించి, మద్రాసులో ఛాయాచిత్రకారులుగా స్థిరపడిన వెంకయ్యగారు 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును సంపాదించిరి. బొమ్మ తెరపై కదలుచుండగా, దానికి తగిన శబ్దమును ఒక గ్రామఫోను ప్లేటు వినిపించెడిది. ఆ యంత్రముతో వారు డేరాలు వేసి ఊరూర ప్రదర్శనములిచ్చిరి. బర్మా, సింహళములకు సైతము పోయివచ్చిరి. పిమ్మట 1914లో మద్రాసులో గెయిటీ హాలును కట్టించిరి. ఆ నగరమున ఒక భారతీయుడు కట్టించిన మొదటి సినిమాహాలు అదియే. బెజవాడలో పోతిన శ్రీనివాసరావుగారు 1921లో నెలకొల్పిన మారుతీ సినిమా ఆంధ్రదేశపు తొలి హాలుగా పేరుగాంచినది. డేరాలో తిరుగుచుండిన బొమ్మకు ఈ విధముగా గోడలును, కప్పును ఏర్పడినవి.

ఇచ్చట ఒక వింత గమనింపవలసి యున్నది. నాటకశాలలో ముందువరుస ఖరీదైనది. నటుని ముఖము, పద్యము, రాగము దగ్గరగా అందవలెనని పెద్దమనుషులు ముందు కూర్చుండెడివారు. సినిమా ఆ వరుసను తలక్రిందులు చేసినది. తెర ముందు నేల, దాని వెనుక బెంచి, బెంచి వెనుక కుర్చీ, మేడపై బాల్కనీ అను క్రమము ఏర్పడినది. తెరకు మరీ దగ్గరగా కూర్చున్నవానికి బొమ్మ అంతయు ఒక్క చూపున పట్టదు; మెడ పైకెత్తి చూడవలెను; బొమ్మలోని బరక కంటికి తగులును. అందుచేత ధర తెర నుండి వెనుకకు పోవుకొలది పెరిగినది. నేల టిక్కెట్టు వాడు ఇసుకపై కూర్చుండి తెరను ఆకాశమువలె చూచెను. చాలచోట్ల స్త్రీలకు ప్రత్యేకించిన భాగము హాలులో ఒక ప్రక్కకుండెడిది. అచ్చటినుండి చూచువారికి బొమ్మ ఏటవాలుగా, సాగదీసినట్లు కనబడెడిది. హాలు ఒక్కటే, చిత్రము ఒక్కటే అయినను, అందరును చూచిన బొమ్మ ఒక్కటి కాదు.

ఇక ఆ బొమ్మ పుట్టు చోటునకు, అనగా ఆపరేటరు గదికి పోవుదము. చిరకాలము మన హాళ్లలో వెలుగునిచ్చినది కార్బను దీపము. రెండు బొగ్గుకడ్డీల కొనల నడుమ విద్యుత్తు మెరుపువలె వెలుగుచుండును. కడ్డీలు కాలి పొట్టివగుచుండును గనుక, వాని ఎడమును సరిచేయుట ఆపరేటరు పని. అతడు ఏమరినచో తెర పసుపువారును. యజమాని కడ్డీల ఖర్చు తగ్గింపదలచినచో తెర మసకబారును. మూకీల కాలమున సెకనుకు ఇంచుమించు 16 బొమ్మలు చొప్పున నడచిన ఫిల్ము, టాకీలలో 24 బొమ్మలకు స్థిరపడినది. ఆ వేగమున 1000 అడుగుల రీలు 11 నిమిషములలో అయిపోవును. రెండు యంత్రములున్న హాలులో, తెర కుడివైపు పైమూలను మెరసిన చుక్కను చూచి ఆపరేటరు రెండవ యంత్రమును నడిపించెడివాడు. ప్రేక్షకునకు తెలియనే తెలియదు. ఒక్క యంత్రమే కల టూరింగు టాకీసులో రీలు మారినప్పుడెల్ల దీపములు వెలిగెడివి, సోడాలును వేరుసెనగలును అమ్ముడయ్యెడివి. కరెంటు లేని పల్లెలలో డేరా వెలుపల ఆయిలు ఇంజను కొట్టుకొనుచుండెడిది. కొబ్బరిచెట్టుకు కట్టిన హారనులో ఘంటసాల గానము చేసిన వేంకటేశ్వర స్తుతి వినబడగానే, ఆట మొదలు కానున్నదని ఊరివారు పరుగున వచ్చెడివారు.

1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ హాలులో ‘ఆలం ఆరా’ విడుదల అయినది. మరుసటి సంవత్సరము హెచ్.ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’ తెలుగున మాటాడినది. హాళ్ల యజమానులు యంత్రములను తెప్పించి అమర్చగలిగిరి గాని, హాలునే మార్చుట వారికి సులభము కాలేదు. మూకీల కొరకును, నాటకముల కొరకును కట్టిన గోడలు నున్ననివి, కప్పు రేకులది. పలికిన మాట గోడనుండి గోడకు తగిలి, తరువాతి మాటపై పడెడిది. వాన వచ్చినదా, సంభాషణ అంతయు రేకుల చప్పుడులో కలిసిపోయెడిది.

ఈ చిక్కునకు మూలమును అంతకు ముప్పదియైదేండ్ల పూర్వమే ఒక ఆచార్యుడు కనిపెట్టి యుండెను. 1895లో అమెరికా హార్వర్డు విశ్వవిద్యాలయమున ఒక ఉపన్యాసశాలలో మాట ఏమియు అర్థమగుట లేదని ఫిర్యాదు వచ్చినది. వాలెస్ సబైన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు రాత్రివేళల పొరుగు నాటకశాలలోని మెత్తలను మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలు పరచినచో ప్రతిధ్వని ఎంత తగ్గునో లెక్కకట్టెను. శాల ఎంత విశాలమైనచో మారుమ్రోత అంత సేపు నిలుచును. మెత్తని వస్తువు ఎంత ఎక్కువైనచో అంత త్వరగా అణగును అని ఆయన తేల్చిన సూత్రము. సంగీతసభకు రెండు సెకనుల మారుమ్రోత ఇంపుగానుండును. సినిమా మాటకు ఒక సెకను చాలును, పెద్ద హాలైనచో కొంచెము ఎక్కువ. మనిషి శరీరము, కట్టుబట్టయు మెత్తవంటివే గనుక, నిండిన హాలులో మాట స్పష్టమగును, ఖాళీ హాలులో మ్రోగును. మొదటివారము బాగుగ వినబడిన చిత్రము ఐదవవారము అదే హాలులో గందరగోళముగ వినబడుటకు కారణమిదియే.

వినికిడి టిక్కెట్టు ధరను అనుసరింపలేదు. బాల్కనీ క్రింద, వెనుకగోడ నానుకొని యున్న వరుసలు నేలకంటె ఖరీదైనవే. కాని తెర వెనుకనున్న స్పీకర్ల ధ్వని ఆ గుహలోనికి పూర్తిగా చొరదు. అచ్చట కూర్చున్న పెద్దమనిషికంటె నడిమి బెంచీ మీది కూలివాడు మాటను బాగుగ వినెను.

తెర వెడల్పు కథయు ఇట్టిదే. 1953లో హాలీవుడ్డువారు ‘ది రోబ్’ చిత్రముతో సినిమాస్కోపును ప్రవేశపెట్టిరి. తెలుగున 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ సినిమాస్కోపులోను, 1986లో ‘సింహాసనం’ 70 ఎం.ఎం.లోను వచ్చినవి. విశాలమైన హాలులో తెర రెండువైపుల విచ్చుకొనెను. ఇరుకు హాలులో గోడలు జరుగవు గదా! వెడల్పు పెంచుటకు చోటులేక యజమానులు ఎత్తు తగ్గించిరి. పెద్దబొమ్మగా తీసిన చిత్రము ఆ ఊరి వారికి మునుపటికంటె చిన్నబొమ్మగా కనబడెను. గోడపత్రికపై వ్రాసిన పేరు వేరు, హాలులో దక్కిన ఫలము వేరు అని మనము అప్పుడే నేర్చుకొనవలసి యుండెను.

సౌకర్యమనగానే మెత్తని కుర్చీయు, చల్లని గాలియు మనకు తోచును. చట్టము మాత్రము మొదటినుండియు మరియొక సౌకర్యమును గూర్చి ఎక్కువగా ఆలోచించినది. పూర్వపు ఫిల్ము నైట్రేటుతో చేసినది. నిప్పు తగిలినచో ఆర్పుట దుర్లభము. అందుచేత 1918 నాటి సినిమాటోగ్రాఫు చట్టము నాటినుండియే హాలునకు లైసెన్సు, ప్రేక్షకునకు రక్షణ అను మాటలు జంటగా వచ్చినవి. ఫిల్ము మారినను ప్రమాదము పోలేదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాలో ట్రాన్స్‌ఫార్మరు నుండి లేచిన మంటల పొగ బాల్కనీని క్రమ్మి 59 మంది మరణించిరి. అదనముగా వేసిన కుర్చీలు బాల్కనీలో ఒక నడవను మూసివేసి యుండెను. హాలులో మరి కొందరికి చోటు చేయుటకు తీసిన ఆ కొద్దిపాటి దారియే ప్రాణము నిలుపవలసిన దారి. మెత్తని కుర్చీకంటె ముందు తెరచియున్న తలుపు సౌకర్యము.

నేడు రీళ్లు దాదాపు కనుమరుగైనవి. కార్బను కడ్డీలకు మారుగా వచ్చిన జెనాను దీపములకు తోడుగా లేజరు దీపములును వచ్చినవి. ఫిల్ముపై గీతలు లేవు, బొమ్మ వణకదు. అయినను దీపము పాతబడినకొలది వెలుగు తగ్గుట నాటివలె నేడును ఉన్నది. డిజిటలు ప్రదర్శనమునకు తెరపై చదరపు మీటరుకు 48 క్యాండెలాల వెలుగు ఉండవలెనని ప్రమాణము. దీపమునకు ఆదా చేయు యజమాని నాడును మసకబొమ్మనే చూపెను, నేడును మసకబొమ్మనే చూపును. హైదరాబాదున ప్రసాద్స్‌వారు 2003లో ఐమాక్స్ తెరను నెలకొల్పిరి. 2019లో నెల్లూరు సీమలోని సూళ్లూరుపేటవంటి చిన్న ఊరిలో ఇంచుమించు 100 అడుగుల వెడల్పుగల తెర వెలసినది. గొప్ప తెర మహానగరముల సొత్తు కాదని దీనివలన తేలినది. మరియొకవైపు పాత ఒంటితెర హాళ్లు ఒక్కొక్కటిగా మూతపడి కల్యాణమండపములుగను, దుకాణములుగను మారుచున్నవి. కనుక ఏ హాలునకు మన పైకము చెల్లింతుమో, ఆ హాలు నిలుచును. మన ఎంపిక వినోదమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

అయినచో కొలత యేది? ఏ హాలైనను తన మేలైన కుర్చీలో బాగుగనే కనబడును. నడిమి వరుసలో, తెరనుండి రెండువంతుల దూరమున కూర్చున్నవానికి ఎల్ల హాళ్లును మంచివే. హాలును తూచవలసినది దాని చవక టిక్కెట్టు కుర్చీనుండి. ఒక్కమారు అచ్చట కూర్చుందము. పేర్లు పడునప్పుడు అక్షరములు తెర మూలలలోను నడుమను ఒకే తీరున పదునుగా నున్నవా? రాత్రి దృశ్యమున నల్లచీర కట్టిన తల్లి ముఖము తెలియుచున్నదా? గుసగుసగా పలికిన మాట చెవులు చిల్లులు పడకుండ వినబడుచున్నదా? ముందువాని తల అడ్డము రాకుండ నేల మెట్లుగా లేచినదా? వెనుకవరుస తెర వెడల్పునకు రెండింతల దూరము దాటకున్నదా? వెలుపలికి పోవు తలుపు ఎచ్చటనున్నదో చీకటిలో తెలియుచున్నదా? తాగునీరు, స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్నవా?

ఈ ప్రశ్నలకు ఔనని చెప్పగల హాలు, దాని ముఖద్వారమున పాలరాయి లేకున్నను, మన ఊరికి మంచి హాలు. నేలమీద ఇసుక కుప్పచేసికొని దానిపై కూర్చుండి చూచిన వారి అణాలతోనే మన సినిమాహాళ్లు లేచినవి. వారి వరుసలో కూర్చున్నవానికి నేడు బొమ్మయు, మాటయు, క్షేమమును సరిగా అందుచున్నవో లేవో చూచి హాలును ఎంచుకొందము.