వినపడని విందు

మా నాన్నగారు అమెరికా వచ్చినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పేరున్న రెస్టారెంటుకి తీసుకెళ్ళాను. అరగంటకి ఆయన చెవి మిషను తీసి జేబులో వేసుకున్నారు. అది మా మాటల్నీ, పక్క బల్లల నవ్వుల్నీ ఒకేలా పెంచుతుంది మరి!

ఇక్కడి ఖరీదైన రెస్టారెంట్లు ఒకప్పుడు ఇలా ఉండేవి కావు. నేలమీద తివాచీ, బల్లలమీద గుడ్డలు, కిటికీలకి బరువైన తెరలు చప్పుడంతా పీల్చుకునేవి. 1982లో వెస్ట్ హాలీవుడ్‌లో వుల్ఫ్‌గాంగ్ పక్ మొదలుపెట్టిన స్పాగోలో వంటగదిని భోజనాల హాల్లోకే తెరిచిపెట్టారు. రానురాను హుందాతనం కన్నా సందడికే గిరాకీ పెరిగింది. తివాచీలు పోయి సిమెంటు నేలలొచ్చాయి (తుడవడం సుళువు లెండి). చివరికి శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రిక, వంటకి నక్షత్రాలిచ్చినట్టే, చప్పుడుకి గంటల బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టింది. 65 డెసిబెల్స్ లోపు ఒక గంట, 80 దాటితే బాంబు!

చుట్టూ చప్పుడుంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లోంబార్ 1911లోనే చెప్పాడు. అలా ఒక బల్ల గోల ఇంకో బల్లకి అంటుకుంటుంది.

మా ఊరి హోటల్లోనూ గోలే. గ్లాసుల మోత, సర్వర్ల కేకలు. కానీ ఇడ్లీ తిని పది నిమిషాల్లో లేచేవాళ్ళం. మాటలకి ఇంటి అరుగుండేది. ఇక్కడ మాట్లాడుకోడానికే రెస్టారెంటుకి వెళ్తాం.

ఆ రాత్రి కారెక్కాక నాన్నగారు మిషను మళ్ళీ పెట్టుకుని, "ఇందాక ఏదో చెప్పబోయావు, ఏమిట్రా?" అన్నారు.