లూసీ పట్టుబట్టి నిలిపిన యాస

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలలో "ఐ లవ్ లూసీ" చూడనివారు తక్కువ. ఆ హాస్య ధారావాహికను నేను ఎన్నిసార్లు చూసినా, లూసీ అల్లరికన్నా ముందు ఆమె భర్త యాసే నా చెవిన పడుతుంది. ఆ యాస తెరకెక్కిన కథ మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు.

లూసీల్ బాల్ 1911 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో జన్మించింది. నాలుగేళ్లు నిండకముందే తండ్రి టైఫాయిడ్‌తో పోయాడు. హాలీవుడ్‌లో ఏళ్ల తరబడి చిన్నా చితకా వేషాలు వేసింది. క్యూబా నుండి వలస వచ్చిన సంగీత కళాకారుడు డెసీ ఆర్నాజ్‌ను 1940లో పెళ్లాడింది.

1948లో సీబీఎస్ రేడియోలో మొదలైన "మై ఫేవరెట్ హస్బెండ్" ఆమెకు మంచి పేరు తెచ్చింది. దాన్ని టెలివిజన్‌కు మార్చుదామని సంస్థవారు అడిగితే, భర్త పాత్ర డెసీకే ఇవ్వాలని ఆమె షరతు పెట్టింది. స్పానిష్ యాసతో మాట్లాడే మనిషిని అమెరికన్ ఇల్లాలి భర్తగా జనం ఒప్పుకోరని వారి సందేహం. దంపతులిద్దరూ 1950లో పలు నగరాలలో స్టేజి ప్రదర్శనలిచ్చి, జనం ఒప్పుకుంటారని రుజువు చేశారు.

1951 అక్టోబరు 15న "ఐ లవ్ లూసీ" మొదలైంది. న్యూయార్క్ నుండి ప్రత్యక్ష ప్రసారం చేయాలని స్పాన్సర్ కోరితే, హాలీవుడ్‌లోనే ప్రేక్షకుల ఎదుట మూడు కెమెరాలతో ఫిల్మ్ మీద తీస్తామన్నారు. అందుకోసం పారితోషికం తగ్గించుకుని, ఫిల్మ్ హక్కులు తమ డెసిలూ సంస్థకు ఉంచుకున్నారు. ఆనాటి నవ్వులు ఈనాటికీ చెక్కుచెదరకపోవడానికి ఆ ఫిల్మే కారణం.

కథలో భర్త రికీకి కోపం వస్తే గబగబా స్పానిష్‌లోకి దిగిపోతాడు, మనం తెలుగులోకి దిగినట్టే! 1953 జనవరి 19న లూసీ బిడ్డను కన్న భాగాన్ని సుమారు 4 కోట్ల 40 లక్షలమంది చూశారు. సరిగ్గా ఆ రోజే ఆమెకు నిజంగానూ కొడుకు పుట్టాడు.

1960లో ఆ దంపతులు విడిపోయారు. 1962లో డెసీ వాటా కొని, స్టూడియో అధ్యక్షురాలిగా పగ్గాలు తానే పట్టింది. 1966లో "స్టార్ ట్రెక్" వచ్చింది ఆ సంస్థ నుండే. 1967లో దాన్ని అమ్మేసింది. 1989 ఏప్రిల్ 26న కన్నుమూసింది.

ఎవరూ వినరన్న యాసను సోమవారం రాత్రుళ్లు దేశమంతా ఇంట్లోకి పిలుచుకుంది. స్నేహితుల ముందు అమ్మానాన్నలు ఇంగ్లీషు మాట్లాడితే తల దించుకునే పిల్లలు మన ఇళ్లలో ఉన్నారు. వారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక భాగం చూపించండి. కలిసి నవ్వుకున్నాక, ఈ కథ కూడా చెప్పండి.