జనగామ ఓటుపెట్టె, అమెరికా అధ్యక్షపీఠము

1952వ సంవత్సరమున హైదరాబాదు రాష్ట్రమునందు తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగినపుడు, జనగామ, మానుకోట (మహబూబాబాదు) ప్రాంతముల పల్లెలలోని రైతుకూలీలు తమ జీవితమున మొట్టమొదటిసారిగా, తమ్మును ఎవరు పరిపాలింపవలయునో తామే నిర్ణయించుటకై వరుసలు దీరి నిలిచిరి. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. పెట్టెమీద ఆతని గుర్తు. చేతికిచ్చిన కాగితముపై గీత గీయవలసిన పని సైతము లేదు, మెచ్చిన గుర్తుగల పెట్టెలో వేసిన చాలును. అక్షరజ్ఞానము లేనివాడు ఒరుల సాయమును కోరకయే తన మనసులోని మాటను రహస్యముగ తెలుపుకొనగల ఈ యేర్పాటును, సుకుమార్ సేన్ ప్రధానాధికారిగానున్న నాటి ఎన్నికల సంఘము దేశమంతటను అమలుపఱచెను.

ఆ వరుసలలో నిలిచినవారి వెనుక ఎట్టి గతము కలదో తలచుకొన్నగాని ఆ దినముల ఘనత బోధపడదు. అంతకు ఆఱు సంవత్సరములకు ముందు, 1946 జూలై 4వ తేదీన, కడవెండి గ్రామమున ఊరేగింపుగా సాగుచున్న ప్రజలపై విసునూరు దేశముఖు మనుషులు కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన భూమిని, పండించిన పంటను దొరకు దక్కనీయక గ్రామ ప్రజల సంఘము అండతో నిలుపుకొనెను. వెట్టిచాకిరిని, అక్రమ వసూళ్లను ధిక్కరించి గడీల యెదుట నిలిచిన ఆ జనము, 1948 సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదు రాజ్యమున ప్రవేశించిన పిమ్మటను మూడేండ్లకు పైగా పోరు సాగించి, 1951 అక్టోబరు 21వ తేదీన విరమణ ప్రకటన వెలువడగా ఆయుధములను దించెను. తుపాకి దించిన కొన్ని నెలలకే ఓటు చీటీ చేతికి వచ్చెనన్నమాట. మానవచరిత్రలో ఇంత శీఘ్రముగ ఇట్టి పరివర్తనము జరిగిన తావులు మిక్కిలి అరుదని నా నమ్మకము.

రాష్ట్రమున కమ్యూనిస్టు పార్టీ నిషేధమునకు లోనై యుండుటచే, దాని అనుయాయులు ప్రజాస్వామిక ఫ్రంటు, అనగా పీడీఎఫ్, అను పేరిట పోటీచేసిరి. 175 స్థానముల శాసనసభలో కాంగ్రెసు 93 గెలిచి ప్రభుత్వము నేర్పఱుపగా, బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రియైరి. పీడీఎఫ్ 42 గెలిచి ప్రతిపక్షముగ నిలిచెను. జనగామ సీమలోని చినపెండ్యాలకు చెందిన పెండ్యాల రాఘవరావుగారు వరంగల్లు నుండి లోక్‌సభకు వెళ్లిరి. వారి చేతిలో ఓడినవారు సాక్షాత్తు కవి కాళోజీ నారాయణరావుగారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డిగారికి మూడు లక్షలకు పైగా ఓట్లు వచ్చెను. అవి నెహ్రూ పండితునికి వచ్చిన ఓట్లకంటెను అధికము.

ఇదే కాలమున అమెరికా సంయుక్తరాష్ట్రములలోని స్థితి యెట్లుండెనో చూతము. వర్ణభేదము వలన ఓటుహక్కును తొలగింపరాదని ఆ దేశ రాజ్యాంగము 1870లోనే శాసించినను, దక్షిణ రాష్ట్రములలో తలపన్ను, చదువు పరీక్ష, దౌర్జన్యము అను అడ్డుగోడలు నల్లవారిని పోలింగు కేంద్రము దరిచేరనీయకుండెను. 1965లో ఓటుహక్కుల చట్టము వచ్చుటకు ముందు సంవత్సరము మిసిసిపి రాష్ట్రమున ఓటర్లుగ నమోదైన నల్లవారు నూటికి ఏడుగురైనను లేరు. పత్తిచేలలో పాలుకు సేద్యము చేయుచుండిన ఆ రైతులకంటె పదుమూడేండ్లకు ముందే, దేవరుప్పుల, పాలకుర్తి కూలీలు నిరాటంకముగ ఓటు వేసిరి. ఈ సత్యమును మన పాఠ్యగ్రంథములు సగర్వముగ చెప్పవలసియున్నది.

పార్టీల ప్రసక్తి అమెరికా రాజ్యాంగమున ఎచ్చటను కానరాదు. 1796లో పదవినుండి వైదొలగుచు జార్జి వాషింగ్టను కక్షల వలని కీడును గూర్చి దేశమును హెచ్చరించెను. అయినను నాలుగేండ్లు గడచునప్పటికి రెండు పార్టీలు సుస్థిరములయ్యెను. 1800 నాటి అధ్యక్షయెన్నికలో ఒకే పార్టీకి చెందిన జెఫర్సను, బర్ అనువారికి సరిసమానముగ 73 నియోజకుల ఓట్లు రాగా, ప్రతినిధుల సభ 36 మారులు ఓటింగు జరిపి జెఫర్సనును ఎన్నుకొనెను. ఆ చిక్కు తిరిగి రాకుండుటకే 1804లో పండ్రెండవ సవరణము పుట్టెను. నేడు అచ్చటి ఓటరు అధ్యక్షుని నేరుగ ఎన్నుకొనడు. రాష్ట్రములవారీగ ఓటర్లు ఎన్నుకొను 538 మంది నియోజకులలో 270 మందిని పొందినవాడే విజేత. రెండు రాష్ట్రములు తప్ప తక్కినవన్నియు, ఒక్క ఓటు ఆధిక్యముతోనైనను ముందున్నవానికి తమ నియోజకులనందఱిని కట్టబెట్టును.

మూడవ పార్టీ అచ్చట వేళ్లూనకుండుటకు ఇదియొక ప్రధాన కారణము. 1992లో రాస్ పెరో నూటికి దాదాపు పందొమ్మిది ఓట్లు పొందియు ఒక్క నియోజకునైనను పొందలేకపోయెను. ఏలయన ఆ ఓట్లు దేశమంతటను పలుచగ పఱచుకొనియుండెను. 1968లో వర్ణవివక్షను సమర్థించిన జార్జి వాలెసు నూటికి పదమూడున్నర ఓట్లతోనే 46 మంది నియోజకులను పొందెను. ఆతని బలము దక్షిణమున గుమిగూడియుండుటయే హేతువు. పీడీఎఫ్ 42 స్థానములు గెలిచిన మర్మమును ఇదియే: నల్లగొండ, వరంగల్లు సీమలలో దాని బలము చిక్కనై యుండెను. కాని శాసనసభలో 42 మందికి నిత్యము మాటాడు గొంతుక యుండును; అధ్యక్షపదవి యొక్కటియే పణమైన చోట ఓడినవానికి మిగులునది లేదు. ప్రాంతములనుండి పుట్టిన పక్షములకు మన పద్ధతియే మేలని నేను దృఢముగ భావింతును.

మన రాష్ట్రపతి యెన్నికయు పరోక్షమే. 1971 జనాభాను బట్టి లెక్కించిన ఓటు విలువ ప్రకారము నేడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి శాసనసభ్యుల ఓటు ఒక్కొక్కటి 132. 1969లో రాష్ట్రపతి పదవికై తలపడిన ప్రధానాభ్యర్థులిరువురును, వి.వి. గిరియు నీలం సంజీవరెడ్డియు, తెలుగువారే. కాంగ్రెసు అధికారిక అభ్యర్థి రెడ్డిగారే యైనను, అంతరాత్మ ప్రబోధము ననుసరింపుడని ఇందిరాగాంధీ పిలుపునీయగా గిరిగారు రెండవ ప్రాధాన్యపు ఓట్ల లెక్కింపు పిమ్మట గెలిచిరి. ఇక ప్రధానమంత్రి మాట: నేడు భూపాలపల్లి జిల్లాలోనున్న మహాదేవపురము, కాటారము మంథని నియోజకవర్గములోనివి; 1957 నుండి ఇరువది యేండ్లు అచ్చట శాసనసభ్యులుగనున్న పి.వి. నరసింహారావుగారు 1991లో ప్రధానులైరి.

ఆ 1969లోనే ప్రత్యేక తెలంగాణోద్యమము రగిలెను. 1971లో తెలంగాణ ప్రజాసమితి ఈ ప్రాంతపు 14 లోక్‌సభ స్థానములలో పదింటిని గెలిచి, ఆ యేడే కాంగ్రెసులో కలిసిపోయెను. 2001లో మరల ఒక ప్రాంతీయ పక్షము పుట్టి, 2014లో రాష్ట్రసాధన పిదప అధికారమునకు వచ్చెను. 2016 అక్టోబరు 11వ తేదీన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి అను మూడు జిల్లాలు ఏర్పడగా, భూపాలపల్లికి ఆచార్య జయశంకరుగారి పేరు పెట్టిరి.

1952 నాటి ఫలితములు ప్రభుత్వ గ్రంథములలో అంకెలుగ నిలిచియున్నవి. ఏ దొరకును వెఱవక పెట్టెలో కాగితము వేసిన కూలితల్లి నాడేమి తలచెనో వానిలో లేదు. ఇరువదియొక యేండ్లు నిండినవారికే నాడు ఓటు కలదు గనుక, అట్లు ఓటువేసినవారిలో జీవించియున్నవారికి తొంబదినాలుగేండ్లు దాటినవి. ఈ మూడు జిల్లాల కళాశాలలలో చరిత్ర చదువుచున్న విద్యార్థులారా, మీ యూళ్లలో అట్టి వృద్ధులెవరైన ఉన్నచో ఈ యేడే వెళ్లి, వారి మాటలను వారి పలుకుబడిలోనే వ్రాసికొని భద్రపఱుపుడు.