మర్రినీడ నుంచి సన్‌స్క్రీన్ దాకా: చేవెళ్ల, మొయినాబాద్ ఎండల సింహావలోకనం

హైదరాబాద్ దాటి పడమటికి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే ముందు మొయినాబాద్, ఆపైన చేవెళ్ల వస్తాయి. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన, దక్కన్ పీఠభూమి మీద పరుచుకున్న ఈ రెండు మండలాలకు పూలు, కూరగాయలు పేరు తెచ్చాయి. ఎండ మాత్రం వాటన్నిటికంటే పాతకాపు. ఏటా మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు ఆ కాసేపు నీడే ఉండదు. ఆగస్టులో మబ్బులు అడ్డుపడతాయి గానీ మేలో ఆ అడ్డూ ఉండదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట ఇలాంటి నేలలకే చెల్లుతుంది. ఇంత ఎండలో తరతరాలుగా దున్ని, నాటి, కలుపు తీసి బతికిన జనం తమ ఒంటిని ఎలా కాపాడుకున్నారన్నది రాజుల చరిత్రలో కనబడదు. వెతికితే అది చెట్లలో, బట్టల్లో, పనివేళల్లో, తిండిలో దొరుకుతుంది. ఒంటికి పూసుకునే మందు ఆ వరుసలో అన్నిటికంటే చివర వచ్చింది.

నీడను పాలకుల బాధ్యతగా రాతి మీద రాయించినవాడు అశోకుడు. మనుషులకూ పశువులకూ నీడ కోసం బాటల వెంట మర్రిచెట్లు నాటించానని ఆయన ఏడో స్తంభశాసనం చెబుతుంది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు మాట అది. ఆ తర్వాత దక్కన్‌ను ఏలిన శాతవాహనుల కాలంతో ముడిపడిన హాలుని గాథాసప్తశతిలో బాటసారులకు నీళ్లు పోసే చలివేంద్రపు పడుచు ఒక పాత్రగానే కనిపిస్తుంది. అంటే బాట పక్కన నీడ, నీడ కింద నీళ్లు అన్న ఏర్పాటు ఈ నేలకు రెండు వేల ఏళ్ల నాటిది. గొడుగు కథ వేరు. శ్వేతచ్ఛత్రం శతాబ్దాల పాటు రాజచిహ్నంగానే ఉండిపోయింది. దేవుడికీ దొరకూ గొడుగు పట్టేవాడు తాను మాత్రం ఎండలోనే నడిచాడు. నీడ ఎవరికి దక్కుతుందన్నది మొదటి నుంచీ హోదాకు సంబంధించిన ప్రశ్నే.

గొడుగు దక్కనివాళ్లు తమ ఏర్పాట్లు తాము చేసుకున్నారు. మగవాళ్లు నెత్తికి రుమాలు చుట్టారు. ఆడవాళ్లు కొంగును నెత్తి మీదుగా తెచ్చి చెవుల వెనక్కి దోపారు. కాపరులు కురుమలు నేసిన గొంగడి భుజాన వేసుకున్నారు. ఎండకు గొంగడి కప్పుకుంటే ఉడకపోస్తుందని బయటివాళ్లు అనుకుంటారు గానీ, దళసరి ఉన్ని ఎండను ఒంటిదాకా రానివ్వదని కాపరికి తెలుసు. పనివేళలు కూడా ఎండను బట్టే కుదిరాయి. పొద్దు పొడవకముందే నాగలి కట్టి, పొద్దు నెత్తికెక్కేసరికి చెట్టు కింద చేరి, మళ్లీ నీడలు సాగాక చేలోకి దిగడం ఇక్కడి రివాజు. అంబలి, గటక, సల్ల, ఉల్లిగడ్డ, వేసవిలో తాటిముంజలు ఒంట్లో నీరు తగ్గకుండా చూశాయి. రాత్రికి పగిలిన మడమలకు ఆముదం, పండగనాడు ఒంటికి నువ్వుల నూనె, సున్నిపిండి, తలకు కుంకుడు రసం. చుట్టూ మెట్టచేలలో ఆముదాలు విరివిగా పండిన ప్రాంతం కాబట్టి ఆ నూనెకు కరువు లేదు. ఈ పూతలన్నీ ఎండలో కాలి, దుమ్ములో ఎండిన చర్మానికి సాయంత్రం చేసే ఉపచారాలే తప్ప పగటి ఎండను అడ్డుకునేవి కావని గమనించాలి. పసుపూ అంతే. గాయానికి పసుపు పూయడం తమ ఆవిష్కరణ అంటూ అమెరికాలో 1995లో పొందిన పేటెంటును మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. మన పెద్దల అనుభవానికి అదొక గెలుపు. అయితే ఆ గెలుపు గాయం మాన్పే గుణానికే గానీ, పసుపు ఎండకు కవచమని కాదు.

నిజాం కాలంలో ఈ ప్రాంతపు రూపురేఖలు మారాయి. 1908 సెప్టెంబరు మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ లేచాయి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. గండిపేట చెరువుగా జనం పిలిచే ఉస్మాన్‌సాగర్‌కు పైనున్న ఊళ్లు దాని పరీవాహక ప్రాంతమయ్యాయి. బీజాపూర్ రోడ్డుకు ఇరువైపులా ఉన్న మర్రిచెట్లు కూడా నిజాం కాలంలో నాటినవేనని చెబుతారు. ఎడ్లబండ్లు, కాలినడక ప్రయాణాలు సాగిన రోజుల్లో మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా మనిషి దాదాపు నీడలోనే వెళ్లగలిగేవాడు. ఈ రెండు ఊళ్ల మధ్య వేసిన అతి పెద్ద గొడుగు ఆ మర్రి వరుసే. అది దొరకూ కూలికీ ఒకటే.

ఈలోగా బయటి ప్రపంచం ఎండను పరికరాలతో కొలవడం మొదలుపెట్టింది. 1801లో జర్మనీలో రిట్టర్ కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను గుర్తించాడు. చర్మం కమలడానికి వేడి కంటే ఆ కిరణాలే ప్రధాన కారణమని పందొమ్మిదో శతాబ్దం గడిచేలోగా తేలింది. 1930ల నాటికి ఐరోపా, అమెరికా మార్కెట్లలో ఎండపూతలు అమ్మకానికి వచ్చాయి. 1970ల నాటికి వాటి బలాన్ని ఎస్‌పీఎఫ్ అంకెతో చెప్పడం స్థిరపడింది. నల్లని చర్మంలోని మెలనిన్ సహజంగానే కొంత రక్షణ ఇస్తుందనీ తెలిసింది. ఎండలో ఫోలేట్ అనే విటమిన్ నశించకుండా చూడటానికే ఉష్ణమండలాల్లో మనిషి చర్మం నల్లబడిందని 2000లో అమెరికా మానవశాస్త్రవేత్తలు జబ్లోన్‌స్కీ, చాప్లిన్ ప్రతిపాదించారు. ఆ విటమిన్‌ను ఫోలిక్ ఆమ్లంగా లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఎండకూ చర్మానికీ ఉన్న సంబంధం మీద హైదరాబాద్ కూడా ప్రపంచానికి ఒక పాఠం చెప్పింది. మెడ చుట్టూ పట్టీ కట్టినట్టు, ముంజేతులకూ పాదాలకూ మేజోళ్లు తొడిగినట్టు చర్మం నల్లగా మాడి, పగిలి, పొట్టు లేస్తుంది. బట్ట కప్పిన చోట మామూలుగానే ఉంటుంది. ఆ జబ్బే పెల్లాగ్రా. స్పెయిన్‌లో కాసల్ అనే వైద్యుడు 1735లోనే దాన్ని గమనించాడు. అమెరికాలో గోల్డ్‌బెర్గర్ అది అంటువ్యాధి కాదు, తిండిలోపమని చూపాడు. నయాసిన్ దానికి మందని 1937లో ఎల్వెజెమ్ తేల్చాడు. అక్కడ అది మొక్కజొన్న తినేవాళ్ల జబ్బు. దక్కన్‌లో మాత్రం జొన్న తినే పేదల్లో కనిపించింది. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న ప్రయోగశాలలో గోపాలన్, శ్రీకంటియా దీన్ని పట్టించుకున్నారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం ఇందుకు కారణమని 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి గానీ అసలు సంగతి నిలిచింది: ఎండ అందరి మీదా ఒకేలా పడినా, కడుపు నిండనివాడి చర్మమే ముందు మాడుతుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి, పళ్లెంలో ఒక్క జొన్నే మిగిలే రోజులు తగ్గాక, పప్పూ పాలూ కాస్త పెరిగాక ఆ జబ్బు అరుదైపోయింది. ఏ క్రీమూ చేయలేని పని తిండి చేసింది.

పట్నం బజార్ల నుంచి డబ్బాలు, ట్యూబులు ఊళ్లకు చేరిన కథ దీనికి సమాంతరంగా నడిచింది. 1919లో బొంబాయిలో పుట్టిన అఫ్గాన్ స్నో, 1929లో కలకత్తాలో పుట్టిన బోరోలిన్ తొలితరానివి. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. అక్కడి నుంచి ఎండ నుంచి రక్షణ అన్న ఆలోచన తెలుపు మోజులో కలిసిపోయింది. ఎండలో పనిచేసే ఒళ్లు నల్లబడటం సహజమైతే, అదేదో తప్పన్నట్టు ప్రకటనలు పిల్లలకు నేర్పాయి. 2020లో ఆ క్రీము పేరులోంచి తెలుపును తీసేశారు గానీ నష్టం అప్పటికే జరిగింది. చౌకగా దొరికే స్టెరాయిడ్ కలిపిన క్రీములను ముఖం తెల్లబడుతుందని నెలల తరబడి రాసుకున్నవాళ్ల చర్మం పలచబడి, ఎండ తగిలితే చాలు మంట పుట్టే స్థితికి చేరింది. చర్మవైద్యులు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక 2018లో కేంద్రం అలాంటి ఎన్నో క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కట్టడి చేసింది.

ఇక చేవెళ్ల, మొయినాబాద్ మళ్లీ మలుపు తిరిగింది 1996లో. జంట జలాశయాల రక్షణ కోసం ఆ ఏడాది మార్చి 8న వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలనూ పరిశ్రమలనూ నిలువరించింది. ఆ ఆంక్షల నడుమ పొలాలు చాలావరకు పొలాలుగానే మిగిలాయి. గులాబీ, బంతి, చామంతి తోటలు గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌ను నింపాయి. తర్వాత జెర్బెరా కోసం పాలీహౌస్‌లు లేచాయి. ఈ తోటల్లో ఒకసారి నిలబడి చూడాలి. పువ్వు వాడకుండా పైన పచ్చని షేడ్‌నెట్, అతినీలలోహిత కిరణాలకు తట్టుకునే ప్లాస్టిక్ కప్పు. బయట బంతిచేలో కోత కోసే ఆడకూలీలకు చీర మీద తొడుక్కున్న మగవాళ్ల పాత ఫుల్‌చేతుల చొక్కా, ముఖం చుట్టూ కళ్లు మాత్రం కనబడేలా కట్టిన దస్తీ. ఆ చొక్కాను తక్కువ చేసి చూడనక్కర్లేదు. దగ్గరగా నేసిన, ముదురు రంగు బట్ట చాలా పూతల కంటే నమ్మకమైన కవచం. చెమటకు తడిసిన పలచని తెల్లబట్టలోంచి మాత్రం కిరణాలు సులువుగా దూరతాయి. 2022లో ప్రభుత్వం 111 జీవో ఆంక్షలను ఎత్తివేయడంతో ఆ పొలాల భవితవ్యం మరో దారి పట్టింది.

బీజాపూర్ రోడ్డు ఎండను చూసిన మరో సందర్భం 2003 ఏప్రిల్ 9. వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచే పాదయాత్ర మొదలుపెట్టి, నడివేసవిలో దాదాపు 1,500 కిలోమీటర్లు నడిచి జూన్‌లో ఇచ్ఛాపురం చేరారు. దారిలో రాజమండ్రి దగ్గర అస్వస్థతతో ఆగాల్సి వచ్చింది. నాయకుణ్ణి ఆపిన ఎండ కూలిని ఊరికే వదలదు. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో 2,000 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ఎండ నుంచి రక్షణ ప్రభుత్వ ప్రణాళికల్లోకి ఎక్కింది. 2025లో తెలంగాణ వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. ఇంకోవైపు బీజాపూర్ రోడ్డు విస్తరణలో తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్ల సంగతి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. 2025 నవంబరు 3న అదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర బస్సును టిప్పర్ ఢీకొని 19 మంది ప్రాణాలు పోయాక రోడ్డు వెడల్పు కావాలన్న మాటకు బలం పెరిగింది. రోడ్డూ కావాలి, నీడా కావాలి. రెండింటినీ కలిపి ఆలోచించడం ఇంజనీర్లకు అసాధ్యమేమీ కాదు.

ఇన్ని యుగాల అనుభవాన్నీ నేటి వైద్యం దాదాపు అదే వరుసలో తిరిగి చెబుతోంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఇక్కడ అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే యూవీ సూచిక 11 దాటడం మామూలే. కాబట్టి పదకొండు నుంచి మూడింటి వరకు నీడ పట్టున ఉండటం మొదటి మందు. వెడల్పు అంచు టోపీ, రుమాలు, ఫుల్‌చేతుల బట్ట రెండోది. నీళ్లు, సల్ల, నిమ్మరసం లోపలికి మంచివే గానీ నిమ్మరసాన్ని చర్మానికి పూసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కుతుంది. ఆ తర్వాతే సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30 అంటే కమిలించే కిరణాల్లో 97 శాతం దాకా ఆపేది, 50 అంటే 98 శాతం. అంకెల తేడా చిన్నది, రాసే మోతాదు తేడా పెద్దది. ముఖానికీ మెడకూ చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండినంత కావాలి, చెమట పట్టేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మంగుమచ్చలున్నవాళ్లకు కంటికి కనిపించే వెలుగు కూడా పడదు కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగుపూత మేలు. మానని పుండు, కొత్తగా పెరిగే మచ్చ కనిపిస్తే చర్మవైద్యుణ్ణి చూడాలి.

రెండు గంటలకోసారి ట్యూబు విప్పడం ఆఫీసులో కూర్చున్నవాడికి వీలవుతుంది, రోజుకూలికి పూలు కోసేవాళ్లకు కాదు. వాళ్లకు కావాల్సింది అశోకుడి కాలం నుంచీ తెలిసినదే. 2005 ఉపాధి హామీ చట్టం పని జరిగే చోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలని రాసింది. ఒకప్పుడు పాలకుడి దయగా ఉన్న నీడ చట్టంలో కూలి హక్కుగా మారడం చిన్న మలుపు కాదు. ప్రైవేటు తోటల్లో ఆ రాత ఇంకా వర్తించడం లేదు. పువ్వుకు షేడ్‌నెట్ వేయించగలిగిన రైతు చేను గట్టున కూలీలకు ఒక పందిరి, ఒక కుండ, మధ్యాహ్నం మూడు గంటల పాటు విరామం ఇవ్వగలిగితే, ఈ సుదీర్ఘ కథలో చేవెళ్ల, మొయినాబాద్ తమ అధ్యాయం తామే రాసుకున్నట్టవుతుంది.