ఘంటసాలవారి గీతాగానము

మొన్నటి వైశాఖమున నొక వేకువను మేము నూజివీటి చెంత మామిడితోటలోని మా చుట్టముల యింట నుంటిమి. రసాలు కోతకు వచ్చిన దినములవి. కూలివారి సందడి యింకను మొదలుకాలేదు. మేము సెల్‌ఫోనులో ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీతను వినుచుంటిమి. రెండు శ్లోకములు ముగియకమునుపే ప్రక్కయింటి యిల్లాలు పరుగున వచ్చి, “అయ్యో మాస్టారూ, ఎవరు పోయారండీ?” అని యడిగెను. ఎవరును పోలేదని చెప్పినను ఆమె మొగమున భయము తీరలేదు. “అయితే తెల్లారగట్ట అది ఎందుకండీ? ఆపెయ్యండి” అనెను. ఒక మహాగాయకుడు కడపటి దినములలో తన శక్తి నంతయు నొడ్డి చేసిన పని చావింటి గురుతుగా నెట్లు మాఱినది? చరిత్ర నొకింత పరికింతము.

ఘంటసాలవారు 1922 డిసెంబరు 4వ తేదీన ఈ కృష్ణాతీరముననే, గుడివాడ ప్రాంతమునందలి చౌటపల్లిలో జన్మించిరి. తండ్రి సూరయ్యగారు తరంగములు పాడెడివారు. బాల్యముననే తండ్రిని కోలుపోయి, విజయనగరము చేరి, మధుకరము నెత్తి కడుపు నింపుకొనుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారి కడ సంగీతము నభ్యసించిరి. 1942 నాటి క్విట్ ఇండియా యుద్యమమున చెఱసాల కేగిరి. పిమ్మట మద్రాసున గాయకులై, పాతాళభైరవి (1951), మాయాబజారు (1957) వంటి చిత్రములకు సంగీతదర్శకులై, ఇంటింట మాఱుమ్రోగిరి.

ఆ తొలినాళ్ల గ్రామఫోను రికార్డు ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములకు మించి యించుమించుగా పలుకలేకుండెను. పాట యంతయు ఆ కొలతలోనే ఒదుగవలసియుండెను. 1948లో అమెరికాలో వెలువడిన దీర్ఘకాలపు రికార్డు ఒక ప్రక్కనే యిరువది నిమిషములకు పైగా పలుకజొచ్చెను. దానితో పాశ్చాత్యదేశముల రాక్ గాయకులు విడిపాటలను వీడి, రికార్డు నంతటిని ఒకే కృతిగా తలపోసి నూతన ప్రయోగములకు దిగిరి. 1967లో బీటిల్స్ బృందమువారు వెలువరించిన ‘సార్జెంట్ పెప్పర్స్’ అందులకు ప్రసిద్ధమైన యుదాహరణము. ఘంటసాలవారు వారి మార్గమున నడచిరని మేము చెప్పుటలేదు. కాని ఆ సాధనమే యిచ్చట వేఱొక ప్రయోగమునకు చోటిచ్చెను.

1970లో ఘంటసాలవారికి పద్మశ్రీ బిరుదము లభించెను. 1971లో వారు యూరపు, అమెరికాలలో కచేరీలు చేసి వచ్చిరి. అప్పటికే మధుమేహమును, గుండెజబ్బును వారిని క్రుంగదీయుచుండెను. చిత్రసీమలో క్రొత్త కంఠములు వినవచ్చుచుండెను. అట్టి మలుపునందు వారు గీతను చేపట్టిరి. ఏడువందల శ్లోకములలో నూఱింటికి పైగా నేఱి, ఒక్కొక్కదానిని రాగయుక్తముగా పాడి, వెంటనే దాని తాత్పర్యమును తేటతెలుగు వచనమున తామే చదివిరి. ఇందు పల్లవి లేదు, చరణము లేదు. కచేరీయు కాదు, పురాణకాలక్షేపమును కాదు. అక్షరము రాని యిల్లాలు సైతము వంటయింట పని చేసికొనుచు, ఏ పండితుని గడపయు త్రొక్కకయే, గీతార్థమును వినగలిగెను. ఈ రికార్డు ఊరూర వ్యాపించునాటికి గాయకులు లేరు. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసున కన్నుమూసిరి.

పిదప క్యాసెట్టులు వచ్చెను. రెండవ యధ్యాయమున చావును గూర్చియు, ఆత్మను గూర్చియు చెప్పిన శ్లోకములు దుఃఖితులకు ఊరట యగుటచే ఈ గానము చావిండ్ల ముంగిట వినబడజొచ్చెను; క్రమముగా శవమును గొనిపోవు బండి కెక్కెను. ఇది తప్పని మేమనము. ఏడ్చువారికి ఆ కంఠము నిచ్చిన ధైర్యము చిన్నది కాదు. కాని అచ్చటనే వినవలెననుట, మంచిదినమున వినరాదనుట అజ్ఞానము. గీత యుద్ధము ముగిసినపిదప చెప్పినది కాదు. యుద్ధారంభమున, విల్లు జాఱవిడిచి కూలబడిన బ్రదికియున్న మనుష్యుని లేపుటకు చెప్పినది. బ్రదుకువానికి చెప్పిన మాటను పీనుగునకు వినిపించి, బ్రదుకువానిని చెవులు మూసికొనుమనుట ఎంత వింత! మన బిడ్డలు ఆ స్వరము చెవి సోకగానే జడిసికొనుచున్నారన్న, ఆ దోషము గాయకునిది కాదు, మన యిండ్లది.

మేము ఆ యుదయమున గానము నాపలేదు. ఆ యిల్లాలిని అరుగుపై కూర్చుండుమని వేడి, కర్మయోగమును వినిపించితిమి. ఆమె తలవంచి తాత్పర్యము నంతయు విని, “ఇది పని చేసుకోమని చెబుతోంది కదండీ!” అనెను. అంతలో కూలివారు బుట్టలతో తోటలోనికి దిగిరి; ఆమెయు కొంగు బిగించి వారి వెంట నడచెను. చదువరులారా, మీ యింట పెండ్లి పనులు జరుగునాడు, బిడ్డ బడికి పోవునాడు, ఊరక తెల్లవాఱిననాడును ఈ గానమును వినుడు.