రెమెన్యీ కమాను, బ్రామ్స్ కలం

పాశ్చాత్య సంగీతంతో పరిచయం లేనివారికి సైతం బ్రామ్స్ 'హంగేరియన్ నృత్యాల'లో అయిదవది ఎక్కడో ఒకచోట చెవిన పడే ఉంటుంది. జర్మన్ స్వరకర్త యోహానెస్ బ్రామ్స్ పేరున ప్రపంచమంతటా వినిపిస్తున్న ఈ నృత్యాల వెనుక ఒక హంగేరియన్ వాయులీన విద్వాంసుని కమాను ఉన్నది. ఆయన పేరు ఎడె రెమెన్యీ. తన కాలంలో ఆయన ఖండఖండాంతరాలలో పేరు మోసిన కళాకారుడు. నేడు బ్రామ్స్ జీవిత చరిత్రలలో కొద్ది పుటలపాటు కనిపించి నిష్క్రమించే పాత్ర. ఈ తారుమారు ఎట్లా జరిగిందో తెలుసుకుంటే, చేతి నుండి చేతికి సంక్రమించే సంగీతానికి కర్త ఎవరు అనే పాత ప్రశ్న కొంత స్పష్టమవుతుంది.

రెమెన్యీ 1828లో ఉత్తర హంగేరీలోని మిష్కోల్ట్స్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఇంటిపేరు హాఫ్‌మన్. తరువాత స్వీకరించిన 'రెమెన్యీ' అనే పేరుకు మూలమైన హంగేరియన్ పదానికి ఆశ అని అర్థం. వియన్నా సంగీత కళాశాలలో యోసెఫ్ బ్యోమ్ వద్ద 1842 నుండి 1845 వరకు శిక్షణ పొందాడు. హంగేరీకే చెందిన మరొక మహా విద్వాంసుడు జోసెఫ్ యోవాఖిమ్ కూడా ఆ గురువుకే శిష్యుడు. 1848లో హాబ్స్‌బర్గ్ పాలనపై హంగేరీ తిరగబడినప్పుడు రెమెన్యీ కమాను పక్కనబెట్టి, సేనాని ఆర్తూర్ గెర్గెయీ వద్ద సహాయకునిగా చేరాడు. 1849 ఆగస్టులో విలాగోష్ వద్ద హంగేరియన్ సైన్యం ఆయుధాలు అప్పగించడంతో ఆ పోరాటం ముగిసింది. రెమెన్యీకి మిగిలింది ప్రవాసమే. హాంబర్గ్ చేరి, అమెరికా వెళ్ళి, తిరిగి జర్మనీకి వచ్చాడు.

ఆయన వెంట తీసుకుపోగలిగిన స్వదేశపు ఆస్తి ఆయన వేళ్ళలో ఉన్న సంగీతం. దాని పుట్టుక విచిత్రమైనది. పద్దెనిమిదవ శతాబ్దంలో యువకులను సైన్యంలోకి ఆకర్షించేందుకు సైనికులు ఊరూరా నృత్యం చేసేవారు. ఆ నృత్యాల నుండి 'వెర్బుంకోష్' అనే శైలి రూపొందింది. విలంబంగా మొదలై క్రమంగా ద్రుతగతి నందుకోవడం దాని లక్షణం. దీనిని వాయించి వ్యాప్తి చేసినవారిలో అగ్రగణ్యులు రోమా జాతి వాద్యకారులు. వారిలో సుప్రసిద్ధుడైన యానోష్ బిహారీకి స్వరలిపి రాదు. ఆయన వాయించిన బాణీలను ఇతరులు వ్రాసిపెట్టారు. వాయించేవాడొకడు, వ్రాసేవాడొకడు అన్న పరిస్థితి ఆ సంగీతంలో మొదటినుండీ ఉన్నదే.

1853 వసంతంలో రెమెన్యీ ఇరవయ్యో ఏట ఉన్న బ్రామ్స్‌ను పియానో సహకారానికి వెంటబెట్టుకొని ఉత్తర జర్మనీలో కచేరీలకు బయలుదేరాడు. అప్పటికి బ్రామ్స్ పేరు హాంబర్గ్ దాటి ఎవరికీ తెలియదు. ట్సెల్లె పట్టణంలో పియానో శ్రుతి అరస్వరం తగ్గి ఉన్నది. బ్రామ్స్ బీథోవెన్ సొనాటాను అప్పటికప్పుడు అరస్వరం పెంచి వాయించి కచేరీ నిలబెట్టాడని ప్రసిద్ధి. ఆ ప్రయాణంలోనే హానోవర్‌లో యోవాఖిమ్‌తోను, వైమార్‌లో ఫ్రాంజ్ లిస్ట్‌తోను పరిచయాలు కలిగాయి. వైమార్‌లో ఇద్దరి దారులూ విడిపోయాయి. యోవాఖిమ్ ప్రోత్సాహంతో బ్రామ్స్ ఆ శరత్కాలంలో రాబర్ట్ షూమన్‌ను దర్శించాడు. షూమన్ వ్రాసిన ఒక్క వ్యాసం బ్రామ్స్‌ను జర్మన్ సంగీతలోకానికి పరిచయం చేసింది. ఈ మలుపులన్నిటికీ మొదటి అడుగు రెమెన్యీ వెంట వేసినదే. హంగేరియన్ బాణీల రుచి, వాటి లయలోని ఒడుదుడుకులు బ్రామ్స్‌కు సన్నిహితంగా పట్టుబడినదీ ఆయన పక్కన కూర్చొని వాయించినప్పుడే.

రెమెన్యీ 1854లో లండన్ చేరి విక్టోరియా రాణి ఆస్థానంలో ఏకవాద్య విద్వాంసుడయ్యాడు. 1860లో క్షమాభిక్ష లభించి స్వదేశం చేరాడు. ఇంతలో 1869లో బెర్లిన్ ప్రచురణకర్త సిమ్‌రాక్, ఒకే పియానోపై ఇద్దరు వాయించేందుకు అనువుగా బ్రామ్స్ కూర్చిన పది హంగేరియన్ నృత్యాలను ప్రకటించాడు. అవి విశేషంగా అమ్ముడుపోయాయి. 1880లో మరి పదకొండు వెలువడ్డాయి. అమెరికాలో స్థిరపడిన రెమెన్యీ 1879లో న్యూయార్క్ హెరాల్డ్ పత్రికతో మాట్లాడుతూ, వాటిలో కొన్ని బాణీలు తనవేనని, తన వాదనం విని బ్రామ్స్ గ్రహించాడని వాదించాడు.

ఈ ఫిర్యాదును విచారించేటప్పుడు ఉభయ పక్షాలకూ న్యాయం చేయవలసి ఉంటుంది. బ్రామ్స్ ఈ నృత్యాలకు తన కృతుల వరుససంఖ్య ఇవ్వలేదు. ముఖపత్రంపై తాను రచయితనని చెప్పుకోక, పియానోకు అమర్చినట్లు మాత్రమే పేర్కొన్నాడు. మరొకవైపు, అవి అనామకమైన జానపద బాణీలన్న భావనా నిలవదు. సుప్రసిద్ధమైన అయిదవ నృత్యానికి ఆధారం బేలా కేలర్ రచించి ప్రచురించిన ఒక చార్దాష్ నృత్యమని తేలింది. అంటే రెమెన్యీ తనవిగా వాయించిన సంగీతంలోనూ ఇతరుల సొత్తు కలిసి ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దారంభంలో బార్తోక్, కొదాయి పల్లెపల్లెకూ తిరిగి సేకరణ జరిపి, పట్టణాలలో జానపదంగా చెలామణీ అయిన ఈ సంగీతం వేరు, రైతుల పాట వేరు అని నిరూపించారు. రోమా వాద్యకారులు వాయించిన వాటిలో అధికభాగం హంగేరియన్ రచయితలు కూర్చినవేనని బార్తోక్ అభిప్రాయం.

మన సంప్రదాయంలో ఈ చిక్కుకు ఒక విరుగుడున్నది. క్షేత్రయ్య పదాన్ని ఎవరు పాడినా 'మువ్వగోపాల' ముద్ర కర్తను పట్టిస్తుంది. మాటలు లేని వాద్యగీతంలో ముద్ర వేసే చోటే లేదు. అక్కడ కాగితమే సాక్షి. దస్త్రాలతో జీవితం గడిపేవారికి ఇది తెలియని విషయం కాదు: వ్రాతలో లేని హక్కు ఎంత నిజమైనదైనా నిరూపించడం కష్టం. వాయులీనానికి ఒక కన్సర్టోతోపాటు పలు రచనలు చేసినా, రెమెన్యీ ప్రతిభ ప్రధానంగా మనోధర్మంలో ఉన్నది. ధ్వనిముద్రణ వ్యాపించక ముందే ముగిసిన ఆ కళకు వ్రాత అండ దొరకలేదు.

అయినా ఇతరుల పేరు నిలబెట్టడంలో ఆయన వెనుదీయలేదు. 1849లో అదే స్వాతంత్ర్య సమరంలో కనుమరుగైన కవి షాందోర్ పెతోఫీకి విగ్రహం నెలకొల్పాలని సంకల్పించి, కచేరీల ద్వారా నిధులు సేకరించాడు. 1882లో డాన్యూబ్ తీరాన పెష్త్‌లో ఆ విగ్రహం వెలసింది. 1886 తరువాత రెమెన్యీ జపాన్, చైనా, దక్షిణాఫ్రికాల వరకు కచేరీలు చేస్తూ తిరిగాడు. 1898 మే 15న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆర్ఫియమ్ రంగస్థలంపై వాయిస్తూనే కుప్పకూలి కన్నుమూశాడు.

హంగేరియన్ నృత్యాలు కచేరీ పత్రాలపై ఇప్పటికీ బ్రామ్స్ పేరుతోనే అచ్చవుతున్నాయి. అది తప్పు అనలేము. అయితే ఆ పేరు పక్కన, వ్రాయడానికి ముందు వాయించి వినిపించిన వారికి కూడా ఒక పంక్తి కేటాయించడం చరిత్ర పట్ల కనీస ధర్మం. ఆ పంక్తిలో రెమెన్యీ పేరొక్కటే చాలదు. కేలర్ ఉండాలి, బిహారీ వంటి అక్షరం రాని వాద్యకారులూ ఉండాలి.