భూమి బేరము – మధ్యవర్తి



పొలములను, స్థలములను అమ్మించియు కొనిపించియు తరగు పుచ్చుకొని జీవించువారు నేడు ప్రతి మండలకేంద్రమునందును కానవచ్చుచున్నారు. మన యిండ్లలోని యువకులు పెక్కురు చదువు ముగియగనే ఆ వృత్తిలో దిగుటకు ఉద్యుక్తులగుచున్నారు. పెద్దలు మాత్రము “బ్రోకరు పనియా!” యని మొగము చిట్లింతురు. ఈ యీసడింపు కొంత న్యాయమే. కొంత, దాని చరిత్ర నెఱుగకపోవుటచే కలిగినది. ఆ చరిత్రనే నేడు మీకు విన్నవింపదలచితిని.

దలాలి యను మాట అరబ్బీనుండి వచ్చినది. త్రోవ చూపువాడని దాని మూలార్థము. మన భాషలో వానికి తరగరి యను పేరు పూర్వమునుండియు కలదు. ధాన్యమునకును, పశువులకును, బట్టలకును తరగరులుండిరి. భూమికి తరగరి యన్నచో మాత్రము మన పూర్వులు విస్తుపోయి యుందురు. ఏలయన వారి దృష్టిలో భూమి సంతసరకు కాదు.

కౌటిల్యుని యర్థశాస్త్రమున మూడవ యధికరణమునందు వాస్తువిక్రయమును గూర్చిన ప్రకరణము కలదు. ఇల్లుగాని పొలముగాని అమ్మదలచినవాడు మొదట జ్ఞాతులను, పిదప పొరుగువారిని, అటుపిమ్మట అప్పిచ్చినవారిని అడుగవలెను. వారొల్లనిచో బయటివారికి వంతు వచ్చును. అప్పుడైనను ఇరుగుపొరుగుల నలువది కుటుంబములవారి యెదుట హద్దులు వినిపించి, ఈ వెలకు కొనువారెవరని ముమ్మారు చాటవలెను. ఎవరును అడ్డుచెప్పనిచో కొనువానికి దక్కును. పోటీచే వెల పెరిగినచో, పెరిగిన సొమ్ము అమ్మినవానికి చెందదు. సుంకముతో కూడ రాజుగారి బొక్కసమునకు పోవును. ఈ కట్టడి వినినచో నేటి వెంచరులవారికి గుండె ఝల్లుమనును! వెల పెరిగినందువలన అమ్మువానికే లాభము లేనప్పుడు, వెల నెక్కించువానికి అక్కడ పనియేమి?

1076 మొదలు 1126 వఱకు ఏలిన చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరను రచించెను. మన కేతన కవి తెనిగించినది ఈ శాస్త్రమునే. భూమి చేతులు మారుటకు ఆరు కావలెనని యందు చెప్పబడినది: గ్రామము, జ్ఞాతులు, పొరుగువారు, దాయాదులు అను నలువుర సమ్మతియు, బంగారమును, నీరును. ఈ సమ్మతులు ఎందులకో కూడ ఆ మహానుభావుడు వివరించెను. గ్రామము సమ్మతించుట వ్యవహారము నలుగురికి తెలియుటకు. పొరుగువారు సమ్మతించుట హద్దుల తగవు రాకుండుటకు. దాయాదులు సమ్మతించుట పంపకములు జరిగినవా లేదా యను సంశయము పిదప పుట్టకుండుటకు. ఇక బంగారమును, నీళ్లును ధారపోయుట యెందులకు? స్థిరాస్తి నమ్ముట తగదను నిషేధము కలదు గనుక, అమ్మకమును దానరూపమున జరుపుటకు. అవసరము తప్పదు, ధర్మము తప్పరాదు. నడుమ ఒక చెంబెడు నీళ్లు!

బయానా యని నేడు మనము చెప్పుదానిని పెద్దలు సంచకారమనిరి. సంస్కృతమున అది సత్యంకారము, అనగా మాటను సత్యము చేయునది. ఇచ్చినవాడు మాట తప్పినచో ఆ సొమ్ము పోగొట్టుకొనును; పుచ్చుకొన్నవాడు తప్పినచో రెండింతలు తిరిగి యీయవలెను. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర చెప్పిన యర్థమిది. బేరములు కుదుర్చువారు దీనిని గోడపై వ్రాసికొన్నను తప్పులేదు.

ఇట్లు ఊరెల్ల సాక్షియైయుండగా మధ్యవర్తి యనవసరము. మఱి వాడెప్పుడు పుట్టెను? కొనువాడు ఊరివాడు కానప్పుడు. 1802లో శాశ్వత శిస్తు ఏర్పడిన పిదప ఉత్తర సర్కారులలో జమీందారీలు బకాయిలకై వేలమునకు రాసాగెను. 1852లో ధవళేశ్వరమునను, 1855లో బెజవాడయొద్దను ఆనకట్టలు పూర్తియయ్యెను. మెట్టచేలు మాగాణులై, దూరపువారు కూడ ఆశపడు సొత్తయ్యెను. 1864లో దస్తావేజుల రిజిస్ట్రేషను చట్టము, 1882లో ఆస్తి బదిలీ చట్టము వచ్చినవి. నూరు రూపాయలును, అంతకు పైబడియు వెలగల స్థిరాస్తి క్రయము రిజిస్టరైన పత్రము లేక చెల్లదని నిర్ణయమయ్యెను. నలువది కుటుంబముల చాటింపు పోయి, కచేరీలోని పుస్తకము వచ్చెను. ఆ పుస్తకమునకును, పొలముగట్టునకును నడుమ ఎవడో ఒకడు తిరుగవలసి వచ్చెను. వాడే మన మధ్యవర్తి.

కొంతకాలము ఆ పని సగము కరణముగారే చేసిరి. వారిని మెచ్చుకొన్నవారును కలరు, శపించినవారును కలరు. 1984లో ఆంధ్రప్రదేశమున ఆ పదవులు రద్దయ్యెను. నేనప్పుడు బడిలో క్రొత్తగా చేరియుంటిని. మూటలు కట్టిన లెక్కలు ఎడ్లబండిపై పోవుట చూచితిని. తెలంగాణమున 2020లో ధరణియు, 2025లో భూభారతియు వచ్చినవి. లెక్క ఇప్పుడు గాజుపలకపై కనబడును, మంచిదే. కాని గాజుపలకకు పొరుగువాని నోరు లేదు.

2016లో స్థిరాస్తి నియంత్రణ చట్టము చేయబడెను. దానినే రెరా యందురు. అయిదువందల చదరపు మీటరులకు మించిన లేఅవుటునుగాని, ఎనిమిదింటికి మించిన వాటాల భవనమునుగాని అమ్మకమునకు ముందే నమోదు చేయవలెను. అట్టివానిని అమ్మించు ఏజెంటు తానును నమోదు కావలెను. లెక్కలు వ్రాసి యుంచవలెను. లేని సౌకర్యము కలదని పలుకరాదు. నమోదులేక పనిచేసినచో రోజునకు పదివేల రూపాయల చొప్పున జరిమానా. అయితే పెద్దలు గమనింపవలసిన దొకటి కలదు. ఊరి రైతు తన రెండెకరముల పొలమును వేఱొకరికి అమ్మునెడల ఈ చట్టము మధ్యవర్తికి తగులదు. అక్కడ వానికి నమోదు లేదు, వానిపై విచారించువారును లేరు. మన గ్రామములలో జరుగు బేరములలో పెక్కులు ఇట్టివే.

నా పూర్వశిష్యుడొకడు ఈ వృత్తిలో ప్రవేశించెను. మొదటి బేరమునకే అతడు 1931 నాటి క్రయచీటి నొకదానిని నాయొద్దకు తెచ్చెను. గొలుసుకట్టు వ్రాత వానికి పట్టువడలేదు. చదువగా, తూర్పుగట్టు వెంబడి పొరుగుచేనివారికి కాలువవఱకు బండిత్రోవ విడిచినట్లు అందు కలదు. ఆ త్రోవ పాసుపుస్తకమున లేదు. పొరుగుచేను ఒక వితంతువుది. అమ్మువారు “ఆ పాతకాగితమెందులకు, చుట్టిపెట్టు”మనిరి. అతడు దానిని కొనువానికి చదివి వినిపించెను. వెల తగ్గెను, త్రోవ క్రొత్త పత్రమున హద్దులతోపాటు వ్రాయబడెను. అమ్మినవారు వానికి సగము తరగే యిచ్చి, నేటికిని పలుకరింపరు. ఆమె బండి మాత్రము ఆ గట్టునే నడచుచున్నది.

ఈ పనిలో దిగువారు నన్నడిగినచో నేను చెప్పునది స్వల్పము. ఎకరమునకు నూరు సెంట్లు, నలువది గుంటలు, 4840 చదరపు గజములు. ఇవి నిద్రలో లేపి యడిగినను చెప్పవలెను. తెలంగాణమున 1954–55 ఖాస్రా పహాణీ, ఆంధ్రమున సెటిల్మెంటు రిజిస్టరు చూడక బయానా ముట్టరాదు. 1977 చట్టము వర్తించు ప్రభుత్వము పంచిన భూమి యేది, 1970 సవరణ తరువాత గిరిజనేతరులు కొనరాని ఏజన్సీ భూమి యేది తెలియవలెను. పవరాఫ్ అటార్నీతో హక్కు రాదని 2011లో సుప్రీముకోర్టు చెప్పినది మఱువరాదు. పిదప గట్టుమీదికి పోయి, నాలుగు దిక్కుల పొరుగువారితో మాటలాడవలెను.

ప్రస్తుతము ఇద్దరు కుఱ్ఱవారు ఉదయపువేళ నాయొద్ద గొలుసుకట్టు నేర్చుచున్నారు. అక్షరములు పట్టువడినవి. పుట్టి, తూము, కుంచము అను పాతకొలతలయొద్ద మాత్రము ఇంకను తడబడుచున్నారు.